మెజెంటా ప్లేటు ఖాళీగా

రెండేళ్ల కిందట ఒక మిత్రుడి కథల సంపుటికి అట్ట చేసిపెట్టాను. పాతికేళ్లుగా ఏలూరు రోడ్డు చుట్టుపక్కల నేను చేస్తున్నది ఆ పనే. ఆ కథలు చాలా వరకు కృష్ణ ఒడ్డున నడుస్తాయి. అందుకని ప్రకాశం బ్యారేజీ మీద చీకటి పడీ పడని వేళ కనిపించే నీలాన్ని అట్టంతా పరిచాను. కంప్యూటర్ తెర మీద అది అచ్చంగా ఆ వేళప్పటి నీలమే. వెయ్యి అట్టలు అచ్చయి, లామినేషన్ కూడా పూర్తయి వచ్చాక చూస్తే వంకాయ. ముదురు రంగులో నిగనిగలాడుతూ, గుత్తి కూరకు సిద్ధంగా ఉన్న వంకాయ. మిత్రుడు మర్యాదస్తుడు కనుక “బాగానే ఉందిలే” అన్నాడు. వాళ్ల అమ్మగారికి అంత మొహమాటం లేదు. పుస్తకం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, “ఏం బాబూ, వంటల పుస్తకమా?” అని అడిగారు.

తప్పు నాదే. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపించాలి. తెర మీది నీలాన్ని అచ్చులో సియాన్ (ఆకాశ నీలం), మెజెంటా (ముదురు గులాబీ) సిరాలు కలిసి పుట్టించాలి. మెజెంటా కాస్త ఎక్కువైందా, నీలం ఊదా వైపు జారిపోతుంది. ఈ పనిలోకి వచ్చిన మొదటి నెలలోనే నేర్చుకునే పాఠమిది. తెలిసి కూడా, రాత్రి పదకొండయిందని, మర్నాడు పొద్దున్నే ప్లేట్లు (రంగుకొకటి చొప్పున మెషిన్‌కు బిగించే అచ్చు రేకులు) వేయాలని, ఒక్క నొక్కుతో ఫైలును మార్చేసి పంపాను. ఆ నొక్కు ఏ రంగును ఏ సిరాలో ఎంతెంత పంచిందో తెరిచి చూసుకోలేదు.

తప్పుల సంగతి అలా ఉంచితే, నన్ను చాలాకాలం వేధించిన విషయం ఇంకొకటి ఉంది. నా బల్ల నుంచి బైండింగ్ దాకా ఆ అట్ట ఐదారు చేతులు మారింది. ప్లేటు తీసిన అబ్బాయి ఫైలు సరిగా తెరుచుకుందా అని చూశాడు. మెషిన్ దగ్గరి పెద్దాయన నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చున్నాయా అని చూశాడు. లామినేషన్ దగ్గర గాలిబుడగలు లేకుండా చూశారు. ఎవరి పని వాళ్లు సవ్యంగానే చేశారు. ఇది నీలమేనా అని చూడటం మాత్రం అందులో ఎవరి పనీ కాదు. ఒకప్పుడు అదే పనిగా పెట్టుకున్న మనిషి ఒకడు అచ్చుశాలలో ఉండేవాడు. అతనికి క్రోమిస్టు అని పేరు. అతను లేకుండా పోయినందువల్లే మన పుస్తకాల అట్టలు ఇవాళ ఇలా ఉన్నాయన్నది నా వాదన. చెప్పాలంటే కొంచెం దూరం నుంచి రావాలి.

మ్యూనిక్‌లో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత ఉండేవాడు. తన నాటకాలను అచ్చు వేయించుకునే స్తోమత లేక, తానే చవగ్గా వేసుకునే దారి వెతుకుతూ సున్నపురాతి పలకల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. రచయితలు సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకోవడం మన ఊళ్లోనే పుట్టిన జబ్బు అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. 1796లో ఒకరోజు చాకలి పద్దు రాయడానికి చేతికి కాగితం అందక, మైనం కలిసిన సిరాతో రాతి మీదే రాశానని, అక్కడి నుంచే దారి దొరికిందని ఆయనే చెప్పుకున్నాడు. కథ ఎంత అందంగా ఉన్నా, అసలు పద్ధతి కుదరడానికి ఆయనకు మరో రెండేళ్లు పట్టింది.

ఆ పద్ధతి అర్థం కావాలంటే ఆవకాయ కలిపిన చేతిని చన్నీళ్లలో ముంచి తీస్తే చాలు. నూనె ఉన్నచోట నీరు నిలవదు, బొట్లుబొట్లుగా జారిపోతుంది. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనుల్లో దొరికే సన్నటి పొడి లాంటి రేణువుల సున్నపురాయిని నున్నగా అరగదీసి, దాని మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. తుమ్మజిగురు ద్రావణంలో కొన్ని చుక్కల నత్రికామ్లం కలిపి పైన పూస్తారు. జిడ్డు లేని చోట రాయి ఆ జిగురును పట్టుకుని, తడిని నిలుపుకునే గుణం తెచ్చుకుంటుంది. తర్వాత రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్న చోట సిరా అంటదు, జిడ్డు ఉన్న చోట అంటుకుంటుంది. ఉలి లేదు, ఎత్తుపల్లాలు లేవు. గీసిన గీత పెన్సిల్ గరుకుతో సహా కాగితం మీదికి దిగుతుంది. రాతి అచ్చు అన్నా, లితో అన్నా ఇంతే.

రంగు దగ్గరికి వచ్చేసరికి పని జటిలమవుతుంది. ఒక రాయి ఒక్క సిరానే మోస్తుంది. పసుపుకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నీలానికి ఒకటి. ఒంటి ఛాయకు, లేత ఆకాశానికి, నీడకు వేరే సిరాలు కావాలంటే ఇంకొన్ని. ఫ్రాన్స్‌లో ముల్హౌస్‌కు చెందిన ఎంగెల్మాన్ 1837లో దీనికి క్రోమోలితోగ్రఫీ అని పేరుపెట్టి పేటెంటు తీసుకున్నాడు. చిత్రకారుడు రంగుల బొమ్మ ఇచ్చి వెళ్లిపోతే, దాన్ని రాళ్ల మీదికి విడదీసే బాధ్యత క్రోమిస్టుది. ముందు హద్దుగీతలన్నీ ఒక రాతి మీదికి దించుకుంటాడు. ఆ గీతల ఆనవాలును మిగతా రాళ్లన్నిటి మీదా లేతగా పడేలా చేస్తాడు, ఏ రంగు ఎక్కడ ఆగాలో తెలియడం కోసం. ఆ తర్వాత ఒక్కో రాయి ముందు కూర్చుంటాడు. పసుపు రాయి అయితే, ఆ బొమ్మలో పసుపు ఎక్కడెక్కడ ఉందో అదంతా గీయాలి. చేమంతిలో ఉన్నది అందరికీ కనిపిస్తుంది. ఆకుపచ్చలో కరిగి ఉన్నది, చెంప మీద ఉన్నది, గోడ నీడలో ఉండీ లేనట్టున్నది కూడా అతను పట్టుకోవాలి. అదంతా అద్దంలో చూసినట్టు తిరగేసి గీయాలి.

ఇదంతా నల్లటి పెన్సిల్‌తో. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. గీసింది కంటికి ఆనడానికి ఆ జిడ్డు పెన్సిల్‌లో మసి కలుపుతారు. ఏ సిరా ఎక్కించాలన్నది తర్వాత మెషిన్ దగ్గర తేలుతుంది. కనుక పసుపు రాయీ నల్లగానే ఉంటుంది, గులాబీ రాయీ నల్లగానే ఉంటుంది. పది రాళ్లున్న బొమ్మ అయితే పది నల్ల బొమ్మలు గీసి, అవి కలిస్తే ఏ రంగు వస్తుందో తలలోనే చూసుకోవాలి. ఆ మనిషికి రంగు కంటికంటే ముందు మనసులో ఉంటుంది. అతను చేసేది నకలు కాదని నాకు అప్పుడు అర్థమైంది. రాగం పాడేవాడికి స్వరాలు విడివిడిగా వినిపించినట్టు, అతనికి ఒక బొమ్మలో రంగులు విడివిడిగా కనిపిస్తాయి. ఒకే బొమ్మను ఇద్దరు క్రోమిస్టులకు ఇస్తే రెండు రకాల అచ్చులు వస్తాయి.

ఇంత దూరం పోనక్కరలేదు, పెడన ఉంది కదా. బందరు కలంకారీ అద్దకంలో టేకు చెక్క అచ్చులతో జరిగేది ఇదే. హద్దుగీతలకు ఒక అచ్చు, లోపల నింపే ప్రతి రంగుకూ ఒక్కో అచ్చు. కరక్కాయ నీళ్లూ పాలూ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టి తీసిన ద్రవంతో నల్ల గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట అద్దేది పటిక. పటికలో ఎరుపు ఎక్కడుంది? గుడ్డను ఒక మొక్క వేరు నుంచి తీసిన రంగుతో ఉడకబెట్టాక, పటిక తాకిన మేరకే ఎర్రబడుతుంది. వెనకటి రోజుల్లో ఆ వేరు చిరివేరు. అద్దేవాడి చేతికింద రంగు ఉండదు, రాబోయే రంగు మనసులో ఉంటుంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు ఒకాయన అచ్చు దింపి, అరచేత్తో దాని వీపు మీద కొట్టి, చూడకుండానే పక్కకు జరిగి మళ్లీ దింపుతున్నాడు. హద్దులోంచి రంగు వెంట్రుకవాసి కూడా జరగలేదు. మన ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఇంత చదువు ఉండగా నేను వంకాయ అచ్చు వేయించాను.

ఇక్కడ ఒక అభ్యంతరం ఒప్పుకోవాలి. క్రోమోలితోగ్రఫీ చరిత్ర అంతా గొప్పగా లేదు. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆ మాట కొంతకాలానికి తిట్టుగా మారింది. తైలవర్ణ చిత్రాన్ని చవగ్గా అనుకరించి, పైన వార్నిష్ పూసి, కాన్వాసు నేత కనిపించేలా కాగితం మీద గరుకు ఒత్తి అమ్మేవారు. మన ఇళ్లలో రవివర్మ పటాలుగా పేరుపడ్డవి ఆ జాతివే. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు, తర్వాత అది లోనావాలా దగ్గరి మలవ్లీకి మారింది, చివరికి ష్లైషర్ అనే జర్మన్ సాంకేతిక నిపుణుడి చేతికి పోయింది. మా నాయనమ్మ పూజగదిలో ఒక లక్ష్మి ఉండేది. తామరపువ్వు గులాబీ రంగు రేకు దాటి కొంచెం నీళ్లలోకి కారినట్టుండేది. రాయి జరిగిందని ఇప్పుడు తెలుసు. అప్పట్లో పువ్వు నీడ నీటిలో పడిందనుకునేవాణ్ని. ఆ పటాల మీద నాకు ప్రేమే ఉంది. కానీ అట్ట చేసేవాడిగా చూస్తే, ఎక్కువ రాళ్లు వాడి, రాళ్లు వాడిన సంగతి దాచిపెట్టాలని చూసిన దారి అది. నేను మెచ్చుకునే దారి వేరు: తక్కువ రాళ్లు, దాపరికం లేదు.

ఆ దారిలో మొదట కనిపించేవాడు పారిస్‌లో జూల్ షెరె. గోడపత్రాలకు మూడు నాలుగు రాళ్లతో సరిపెట్టుకుని, బొమ్మను తానే రాతి మీద గీసేవాడు. క్రోమిస్టు, చిత్రకారుడు ఒకరే అయిపోయారన్నమాట. 1920లలో లెనిన్‌గ్రాడ్‌లో వ్లదీమిర్ లెబెదెవ్ పిల్లల పుస్తకాలకు అదే చేశాడు. తెల్ల కాగితం, దాని మీద నాలుగైదు చదునైన రంగులు. బొమ్మ చుట్టూ నేల లేదు, ఆకాశం లేదు. ఆ పుస్తకాలు కొన్నింటిని వేసిన ప్రైవేటు ప్రచురణ సంస్థ పేరు రాదుగ. రష్యన్‌లో హరివిల్లు అని. అది 1930కల్లా మూతపడింది. మనకు తెలిసిన మాస్కో రాదుగ అదే పేరుతో 1982లో ప్రగతి ప్రచురణాలయం నుంచి విడిపోయి వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు, పేరు మాత్రం ఒకటే. విశాలాంధ్ర దుకాణంలో రెండు మూడు రూపాయలకు దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాల తెలుగు అనువాదాలతో నా తరం పెరిగింది. అవి ఆఫ్‌సెట్‌లో, అంటే రాయికి బదులు లోహపు ప్లేటుతో, అచ్చయినవే, రాయి ఎప్పుడో పోయింది. అయినా ఎలుగుబంటి పక్కన అంత తెల్ల కాగితం వదిలేసే ధైర్యం వాళ్లకు రాతి దగ్గర నుంచే వచ్చిందని నా నమ్మకం. రంగు వేసిన ప్రతిచోటికీ లెక్క చెప్పుకోవలసిన పనిలో వేయని చోటికి విలువ పెరుగుతుంది.

ఆ రష్యన్ పుస్తకాలను చూసి ఇంగ్లండులో నోయెల్ కారింగ్టన్ 1940లో పఫిన్ బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టాడు. వెల ఆరు పెన్నీలు. యుద్ధకాలం, కాగితం కరువు. కెమెరాతో రంగులు విడదీయించే ఖర్చు తప్పించుకోవడానికి చిత్రకారులనే ప్లేట్ల మీద గీయమన్నారు. ఇప్స్‌విచ్‌లోని కవెల్ అనే ప్రెస్సు వాళ్లు తర్వాత ఒక గరుకు ప్లాస్టిక్ పలక తయారుచేశారు. రాయి మోయనక్కరలేకుండా, ఒక్కో రంగును ఒక్కో పారదర్శకమైన పలక మీద గీసి ఇస్తే ప్లేటుగా మార్చుకునేవారు. ఈ చిన్న వివరం మీద నాకు చాలా ఆశ. ఎందుకో చివర్లో చెబుతాను. అదే కాలంలో బార్నెట్ ఫ్రీడ్‌మన్ పుస్తకాల అట్టలను బొమ్మా అక్షరమూ రెండూ తానే రాతి మీద గీసి ఇచ్చేవాడు. అక్షరానికి బొమ్మతో పాటే ఆ గరుకు, ఆ నీడ ఉండేవి. బొమ్మ ఒకచోట నుంచి, అక్షరం ఇంకోచోట నుంచి తెచ్చి అతికించినట్టు ఉండదు.

ఈ మాట వినగానే తెలుగువాడికి బాపు గుర్తుకు రావాలి. గీతా రాతా ఒకే చేతిలోంచి వచ్చిన అట్టలు మనకు అంతగా ఎవరు ఇచ్చారు? అవి రాతి అచ్చులు కావు. జింకు బ్లాకుల (గీత ఎత్తుగా నిలిచేలా చేసిన జింకు అచ్చుల) కాలం అది. ఒక్కో రంగుకు ఒక్కో బ్లాకు, ఒక్కో బ్లాకుకు డబ్బు. రెండు రంగుల అట్టంటే మామూలు, మూడో రంగు అడిగితే ప్రచురణకర్త కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. ఆ బీదరికంలో అట్ట వేసేవాడికి తానే క్రోమిస్టు కాక తప్పలేదు. కాగితం తెలుపును ఒక రంగుగా వాడుకోవడం, పసుపు మీద నీలం పడనిచ్చి ఆకుపచ్చను ఉచితంగా సంపాదించడం, ఒక్క ఎర్రటి చుక్కను ఎక్కడ పెడితే అట్టంతా వెలుగుతుందో లెక్కవేయడం. ఆ చేతిరాత ఇప్పుడు కంప్యూటర్ ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖల మీదికి చేరింది. ఎవరికీ అభ్యంతరం లేదు, నాకు కొంచెం ఉంది.

అప్పట్లో వచ్చిన అట్టలన్నీ గొప్పవని అనను. నా దగ్గర ఒక అలమరా నిండా పాత అట్టలున్నాయి, సగానికి సగం నాసిరకం. అపరాధ పరిశోధన నవలల మీద ఆడమనిషి పెదవుల ఎరుపు గడ్డం దాకా జారిన అచ్చులు బోలెడు. కానీ ఆ నాసిరకంలో కూడా ఎవరో ఒకరు నిర్ణయం తీసుకున్న గుర్తు కనిపిస్తుంది. తప్పుడు నిర్ణయమే కావచ్చు, ఇక్కడ ఎరుపు పడాలని ఒకడు అనుకున్నాడు.

రంగుల అచ్చంటే శివకాశి అని మనవాళ్లు అనడం వెనక కూడా రాయి ఉంది. 1920లలో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చిన ఇద్దరు నాడార్లతో ఆ ఊరి పరిశ్రమ మొదలైంది. అగ్గిపెట్టెకు లేబులు కావాలి, లేబులుకు రంగులు కావాలి. అలా ప్రెస్సులు వచ్చాయి, ఆ తర్వాత క్యాలెండర్లు వచ్చాయి.

ఇక ఆఫ్‌సెట్. 1904లో న్యూజెర్సీలో ఐరా రూబెల్ అనే అతను లితో మెషిన్ మీద కాగితం పెట్టడం మరిచిపోతే, బొమ్మ కింది సిలిండరు రబ్బరు మీద పడింది. తర్వాతి కాగితానికి వెనకవైపున ఆ రబ్బరు నుంచి దిగిన అచ్చు ముందువైపు దానికంటే స్పష్టంగా ఉంది. అక్కడి నుంచి ప్లేటుకూ కాగితానికీ మధ్య రబ్బరు దుప్పటి వచ్చి చేరింది. మిగతాదంతా సెనెఫెల్డర్‌దే. మన ఊళ్లో ఏ ఆఫ్‌సెట్ ప్రెస్సుకైనా వెళ్లి చూడండి, అల్యూమినియం ప్లేటు మీద ఒక రోలరు నీరు పూస్తుంది, ఇంకో రోలరు సిరా పూస్తుంది. మధ్యాహ్నం భోజనానికి మెషిన్ ఆపితే ప్లేటు పాడవకుండా స్పాంజితో జిగురు తుడుస్తారు. రాయి పోయినా ఆ తుమ్మజిగురు మాత్రం 200 ఏళ్లకు పైగా ఉండిపోయింది. రోహిణి కార్తెలో ఆ నీటికీ సిరాకీ మధ్య జరిగే పేచీ ఇంతా అంతా కాదు. ఎండకు సిరా పలచబడుతుంది, పెట్టిన తడి పెట్టినట్టే ఆరిపోతుంది. వానాకాలం వస్తే కాగితం తేమ తాగి సాగుతుంది, మొదటి రంగు పడ్డాక రెండో రంగు వచ్చేసరికి అట్ట అర మిల్లీమీటరు పెరిగి ఉంటుంది. విజయవాడలో మంచి మెషిన్ మనిషంటే పంచాంగం చూసి సిరా కలిపేవాడు.

క్రోమిస్టును తీసేసింది ఆఫ్‌సెట్ కాదు, చుక్క. ఏ బొమ్మనైనా కెమెరా, గాజు వడపోతలు, గళ్ల తెర సాయంతో సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు రకాల చుక్కలుగా చీల్చవచ్చని తేలింది. చుక్కల వరసలు ఒకదాని మీద ఒకటి పడి గళ్లు గళ్లుగా కనిపించకుండా, నలుపును 45 డిగ్రీలకు, మెజెంటాను 75కు, సియాన్‌ను 15కు తిప్పి, అంతగా కంటికి ఆనని పసుపును సున్నా దగ్గర వదిలేశారు. అద్భుతమైన ఆలోచన, కాదనను. ఫొటో అచ్చయింది, వార్తాపత్రికలకు రంగు వచ్చింది, పల్లెటూరి రచయిత కూడా తన పుస్తకానికి తనకు నచ్చిన బొమ్మ వేయించుకోగలిగాడు. మొదట్లో ఆ చీల్చే పని చేసే కెమెరా మనిషికి, ఫిల్ము మీద కుంచెతో చుక్కలు సరిదిద్దే మనిషికి కన్ను ఉండేది. తర్వాత స్కానరు వచ్చింది. దాని తర్వాత నేను రాత్రి పదకొండుకు నొక్కిన ఆ నొక్కు వచ్చింది.

నొక్కుకు బొమ్మ తెలియదు. బ్యారేజీ గేటుకూ ఆకాశానికీ అది ఒకే సూత్రం వర్తింపజేస్తుంది. అన్ని చోట్లా నాలుగు సిరాలూ అంతో ఇంతో పోస్తుంది. నాలుగు సిరాలు కలిసిన చోట వచ్చేది మురికి. జనవరిలో పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు ఒక దుకాణం బల్ల మీద పరిచిన కొత్త అట్టలను నాలుగడుగుల దూరం నుంచి చూడండి. ఒక్కోటి విడిగా చూస్తే లక్ష రంగులు. కలిపి చూస్తే బల్లంతా ఒకటే రంగు, గోధుమకూ ఊదాకూ మధ్య. ఈమధ్య కృత్రిమ మేధతో చేయించిన అట్టలు దీనికి తోడయ్యాయి: నారింజ వెలుగు, నీలి పొగ, వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి. కవిత్వానికీ అదే, ఆత్మకథకూ అదే, అనువాద నవలకూ అదే.

తెలుగు అట్టకు ఇంకో కష్టం ఉంది, ఇంగ్లీషు అట్టకు లేనిది. మన అక్షరం ఒంటరిగా రాదు. ‘స్త్రీ’ రాయాలంటే స కింద త వత్తు, దాని పక్కన క్రారవడి, తల మీద గుడి దీర్ఘం. ఆ వత్తుల లోపలి సందులు గోరంత. నాలుగు సిరాల నేల మీద తెల్ల అక్షరాలు వదిలితే, ఏ ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా ఆ సందులు పూడిపోతాయి. అక్షరమే నాలుగు సిరాలతో కట్టినదైతే చుట్టూ ఎర్రటి నీడ తేలుతుంది, చదివేవాడికి కళ్లు మసకలు కమ్మినట్టు ఉంటుంది. పాత రెండు రంగుల అట్ట మీద పేరు ఎంత నాసి కాగితం మీదైనా ఎందుకు నిలబడిందంటే, అది ఒక్క సిరాతో ఒక్క దెబ్బకు పడింది కనుక. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్సు 1858 నుంచి ఉర్దూ పుస్తకాలను లితోలోనే వేసింది. నస్తలీఖ్ అనే ఉర్దూ రాత వంపులు సీసపు అక్షరాల్లో ఒదగవు కనుక లేఖకుడి చేతిరాతనే అచ్చులోకి దించారు. వత్తులూ గుణింతాలూ ఉన్న మనం సీసాన్ని నమ్ముకున్నాం. లోపలి పేజీల సంగతి ఏమోగానీ, అట్ట మీది పేరునైనా చేత్తో రాయించుకోవలసింది.

ఇంతవరకు వాదించి, సరే ఏం చేద్దామంటావు అంటే, ప్రత్యేకంగా కలిపిన సిరాలతో మూడు రంగుల అట్ట వేద్దామని ఎవరైనా అంటారు. నేనూ ఒకసారి అని చూశాను. మన దగ్గర అది నడవదు. ప్రెస్సులో మెషిన్ పొద్దున్నుంచి రాత్రి దాకా అవే నాలుగు సిరాల మీద తిరుగుతుంది. నా ఒక్కడి ఇటుకరంగు సిరా కోసం రోలర్లన్నీ కడగాలి, తర్వాత మళ్లీ కడగాలి. పైగా 500 కాపీల అట్టలు ఒంటరిగా అచ్చు కావు, మరో మూడు పుస్తకాల అట్టలతో కలిపి ఒకే పెద్ద కాగితం మీద కొడతారు. పక్క అట్ట మీద దేవుడి ఫొటో ఉంటే నా ఇటుకరంగు ఆయన మొహానికి పూయలేరు. ఖర్చు విషయంలో ప్రెస్సు వాళ్ల మాట నూటికి నూరుపాళ్లు న్యాయం.

నేను అడిగేది అంతకంటే చిన్నది, పైసా ఖర్చు లేనిది. ఆ నాలుగు ప్లేట్లనే నాలుగు రాళ్లనుకుందాం. రంగుల బొమ్మ చేసి నొక్కుకు అప్పగించకుండా, ఒక్కో ప్లేటు మీద ఏం ఉండాలో మనమే నలుపులో గీసి ఇద్దాం. కవెల్ వాళ్ల ప్లాస్టిక్ పలకల మాదిరిగా. సియాన్ ఇంత, పసుపు ఇంత, వాటి కలయికలో ఆకుపచ్చ ఇంత, నలుపు గీతల మేరకు. కంప్యూటర్‌లో రంగుకో పొర తెరిచి పెట్టుకోవచ్చు, నాలాంటివాడు ట్రేసింగ్ కాగితం మీద గీసి స్కాన్ చేసుకోవచ్చు. ఆ వంకాయ తర్వాత వచ్చిన అట్టను నేను ఇలాగే చేశాను. అదే మిత్రుడి రెండో పుస్తకం, ధైర్యవంతుడు. మళ్లీ బ్యారేజీయే. గేట్లు 70 ఉన్నాయని తెలిసినా పదకొండు నల్ల గీతలతో ఊరుకున్నాను. నీరు సియాన్ ఒక్కటే, చుక్కల్లేకుండా నిండుగా. గట్టు మీద, దీపాల దగ్గర పసుపు. పసుపు నీటి మీదికి జారిన చోట తనంతట తానే ఆకుపచ్చ తేలింది. మెరుపు లేని దళసరి అట్ట, పైన కాగితం తెలుపు అలాగే వదిలేశాను. పసుపు ప్లేటు గీస్తున్నప్పుడు చేతికింద అంతా నలుపే కదా, రెండుసార్లు అది నలుపు ప్లేటనుకుని గేట్లు గీసి చెరిపేశాను. క్రోమిస్టు పది రాళ్లు ఎలా గుర్తుపెట్టుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నీలం నీలంగానే వచ్చింది. అమ్మగారు ఈసారి ఏమీ అనలేదు. పుస్తకాన్ని టీవీ పక్కన నిలబెట్టారు.

అచ్చుకు ముందురోజు రాత్రి ప్లేట్ల దగ్గరి అబ్బాయి ఫోను చేశాడు. “సార్, మీ ఫైలు పాడయినట్టుంది. మెజెంటా ప్లేటు ఖాళీగా వస్తోంది.”

“ఖాళీగానే ఉండాలి బాబూ. అందులో ఏమీ లేదు.”

కాసేపు ఆలోచించాడు. “పక్క అట్టలకు ఎలాగూ మెజెంటా ఉంది కనుక మీకూ నాలుగు రంగుల రేటే పడుతుంది సార్.”

“తెలుసు.”

“మరి ఊరికే ఎందుకు వదిలేయడం? డబ్బులు కడుతున్నారు కదా, ఒక మందార పువ్వయినా వేయించుకోండి.”